నగ్మా రాసిన నానమ్మ

గుంటూరు బ్రాడీపేటలో ఇంగ్లీషు నేర్పే చోట్లు వీధికి నాలుగుంటాయి. కానీ రాజ్యం మేడం నేర్పే ఇంగ్లీషు వేరు. ఇంటర్ సెకండియర్ పిల్లల్లో పద్నాలుగు మందిని ఏరి, సాయంత్రం నాలుగింటికి కాలేజీ మూడో అంతస్తులో కూర్చోబెట్టి ఆవిడ చెప్పే క్లాసు పేరు అడ్వాన్స్‌డ్ లిటరేచర్ అండ్ కాంపోజిషన్. ఒక కథ ఇస్తుంది, చదివి నీకేమనిపించిందో రాయమంటుంది. ఏది రాస్తే రైటో మాత్రం చచ్చినా చెప్పదు. ఊహ తెలిసినప్పటి నుంచి బిట్లు బట్టీపట్టి పెరిగిన పిల్లలకు ఇంతకు మించిన హింస ఏముంటుంది? మొదటి వారంలోనే హారిక లేచి, "మేడం, దీనికి గైడు ఎక్కడ దొరుకుద్ది?" అని అడిగేసింది. మేడం పగలబడి నవ్వింది. హారిక ఆ సాయంత్రం పుస్తకాల షాపులన్నీ తిరిగి, గైడు లేదని రూఢి చేసుకుని గానీ ఇంటికి పోలేదు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం మేడం ఒక ఫారం చేత్తో పట్టుకుని క్లాసుకు వచ్చింది. ఢిల్లీ దగ్గర ఒక యూనివర్సిటీ వాళ్లు, పిల్లలు రాసిన వ్యాసం చూసి సీటిస్తారట. నాలుగేళ్ల చదువు, తిండి, ఉండటానికి గది, అన్నీ వాళ్లవే. కాలేజీకి ఒక్కరి వ్యాసమే పంపాలి, సోమవారం ఆఖరు.

"నగ్మాది పంపుతున్నాను" అంది మేడం. "ఈ వ్యాసంలో ఉన్నది విద్యార్థి సొంత జీవితమేనని, కల్పన కాదని టీచరు సంతకం చెయ్యాలి. దాంతోపాటు చిన్న రికార్డింగు కూడా పంపొచ్చట. నగ్మా, శనివారం మీ నానమ్మగారిని తీసుకురా. ఆ ఉర్దూ జోలపాట ఇక్కడ పాడిద్దాం, నేను ఫోన్లో రికార్డు చేస్తాను. సంతకం కూడా ఆవిడ ముందే పెడతాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నగ్మాకు బెంచీ కింద కుడికాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. ఎంత అదిమిపెట్టినా ఆగలేదు.

సంగతేమిటంటే, నగ్మా వ్యాసంలో ఉన్న నానమ్మ నగ్మా ఇంట్లో లేదు.

నగ్మా వాళ్లది ప్రత్తిపాడు. నాన్న సిలార్‌కు సెంటర్లో పరుపుల కొట్టుంది, దూది ఏకే మిషనుంది. వాళ్లు నూర్‌బాషాలు. తాతలనాటి నుంచి దూదేకి, పరుపులు కుట్టి బతికినవాళ్లు. నమాజు వాళ్లదే, రంజాను వాళ్లదే, నోట్లో మాట మాత్రం పుట్టు తెలుగు. ఇంట్లో ఒక్కరికీ ఉర్దూ ముక్క రాదు. అటు ఉర్దూ మాట్లాడే సాయిబులు "మీరేం సాయిబులు" అంటారు, ఇటు ఊళ్లోవాళ్లు "ఏదీ, తురకంలో ఒక మాట మాట్లాడు" అని ఆటపట్టిస్తారు. పాతికేళ్లు డెహ్రాడూన్‌లో పాఠాలు చెప్పి వచ్చిన రాజ్యం మేడానికి ఈ సంగతి తెలియకపోవడంలో వింతేం లేదు. పుట్టింది తెనాలిలోనే అయినా మరిచిపోయి ఉంటుంది.

అక్టోబరులో మేడం 'మా ఇల్లు' అని వ్యాసం రాయమంటే నగ్మా ఉన్నదున్నట్టు రాసింది. మిషను రొద, కనురెప్పల మీద దాకా వచ్చి వాలే దూదిపింజెలు, కొట్టు ముందు ఎండబెట్టిన పరుపుల మీద పక్కవాళ్ల మిరపకాయలు ఆరబోస్తే నాన్న వేసిన కేకలు. ఆరు మార్కులకి మూడొచ్చాయి. మేడం ఆ కాగితం తిరిగిస్తూ, "మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కదా, ఆ భాష నీ రాతలో ఎక్కడా వినపడదేం?" అని అడిగింది.

"మాట్లాడం మేడం" అంటే అయిపోయేది. నగ్మా అనలేదు, తల ఊపింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎగతాళి లేకుండా ఒకరు ఆ భాషలోకి చేర్చుకోవడం అదే మొదటిసారి, ఆ మాట తియ్యగా ఉంది. తర్వాతి వ్యాసంలో ఒక నానమ్మను పుట్టించింది. ఆమె పేరు ఖైరున్నీసా బేగం. మనవరాలిని ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని ఉర్దూలో జోల పాడుతుంది. ఆ పాట తల్లి నుంచి కూతురికి ఏడు తరాలుగా వస్తోంది. దానికి ఆరుకి ఆరొచ్చాయి. మేడం దాన్ని క్లాసులో చదివి రెండు చోట్ల గొంతు సవరించుకుంది. ఆ రోజు నగ్మా బస్సులో సీటు దొరకక నిలబడి వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు.

ఇప్పుడు మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పని. గుంటూరు నుంచి ప్రత్తిపాడు దాకా బస్సులో కుదురుగా కూర్చోలేకపోయింది. కిటికీ వేసింది, తీసింది. ఎదురుగా యార్డుకు పోతున్న మిర్చి లారీల ఘాటుకు బస్సంతా తుమ్ముతుంటే, నగ్మా తుమ్ముల మధ్య సాకులు వెతుక్కుంది. నానమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. ఊరెళ్లిందని చెప్పొచ్చు. చనిపోయిందని కూడా ఒక్క క్షణం అనిపించి, చెంపలు వేసుకుంది.

ఏ సాకూ అక్కర్లేకుండా పోయింది. నగ్మా ఇంటికి చేరేసరికే మేడం సిలార్‌కు ఫోన్ చేసింది.

"మీ మేడం చేశారమ్మా" అన్నాడు సిలార్, మొహం అంతా నవ్వుగా. "మన గురించి ఇంగ్లీషులో రాశావంట కదా. మా అమ్మ పాట గురించంట. శనివారం నేనే తీసుకొస్తానని చెప్పా. ఎటూ ఆ రోజు బ్రాడీపేట హాస్టలుకి పరుపులు దింపాల."

రాత్రి అన్నాల వేళకు ఆ వార్త వీధి చివరి టీకొట్టు దాకా పోయింది.

మర్నాడు పొద్దున్నే నగ్మా నానమ్మ దగ్గర చేరింది. అసలు నానమ్మ పేరు సైదమ్మ. డెబ్భై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. కొట్టు వెనక గదిలో పరుపు మీద కూర్చుని అంచు కుడుతోంది. నగ్మా కూర్చుంది, లేచింది, గుమ్మం దాకా వెళ్లి వచ్చింది.

"ఏందే, కాలు కాలిన పిల్లిలాగా తిరుగుతున్నావు?" అంది సైదమ్మ.

"నానమ్మా, శనివారం నువ్వు ఉర్దూ పాట పాడాలి."

"నాకేడొచ్చే ఉర్దూ?"

"నీకొచ్చని రాశాను."

సైదమ్మ సూది ఆపి మనవరాలి మొహంలోకి చూసింది. "రాస్తే ఏమొచ్చిద్ది?"

"సీటొస్తుంది. నాలుగేళ్లు అంతా వాళ్లే చూసుకుంటారు. నాన్నకి పైసా ఖర్చుండదు. నాకది కావాలి నానమ్మా. రెండేళ్ల నుంచీ పైచదువుకి పోవాలని తప్ప ఇంకో ఆలోచన లేదు నాకు."

"పాడకపోతే?"

"మేడం సంతకం పెట్టదు."

సైదమ్మ దారం పళ్లతో తుంచింది. తిడుతుందని నగ్మా కాచుకుని కూర్చుంది.

"అయితే నేర్పు" అంది సైదమ్మ.

కాలేజీలో గుల్షన్ అని నగ్మా స్నేహితురాలు ఒకతె ఉంది, వాళ్లది ఉర్దూ మాట్లాడే ఇల్లు. ఆ అమ్మాయిని బతిమాలితే నాలుగు వరుసలు కట్టి, తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. చందమామా దిగిరా, ఉయ్యాల ఊపిపో అని అర్థం. గురువారం సాయంత్రం, శుక్రవారం రెండు పూటలా సైదమ్మ ఆ నాలుగు వరుసలూ పట్టుకుంది. ఒక్కో మాటకూ ఒక్కో కుట్టు వేసుకుంటూ, తప్పితే మళ్లీ మొదటి నుంచి అందుకుంటూ నేర్చుకుంది. మధ్యలో ఒకసారి ఆగి, "ఎప్పుడో మా ఆడబిడ్డ పెళ్లికి గుంటూరు పోతే, నేను తెలుగులో పలికానని ఆడోళ్లు నన్ను వేరే చాప మీద కూర్చోబెట్టారే" అంది. అని ఊరుకుని మళ్లీ పాట అందుకుంది. నగ్మాకు ఏదో చెప్పాలనిపించింది గానీ అప్పటికి రెండో వరుస వచ్చేసింది.

అదొక్కటీ కాదు నగ్మాను తినేస్తున్నది. నానమ్మకు ఎన్ని పాటలొచ్చో ఆమెకు తెలుసు. ప్రతి పాటకూ ముందు "ఇది మా అమ్మ పాడేది" అంటుంది. ఆ అమ్మ పేరు నాగూరమ్మ. పత్తి తీతలకు పోయిన చోటల్లా పాట కట్టేదట. 'పత్తికాయ పగిలే వేళాయె, పాప కన్ను మూసే వేళాయె' అని ఆమె కట్టిన జోల వింటూనే సిలార్ నిద్రపోయాడు, నగ్మా నిద్రపోయింది. వ్యాసంలో ఆ పత్తికాయ లేదు. నాగూరమ్మ లేదు. పైగా అందులో ఇంకో మాటుంది, దాన్ని తలుచుకుంటే నగ్మాకు అన్నం దిగడం లేదు. ఆ మాట ఇంగ్లీషులో ఉంది కదా, నానమ్మకు ఎలా తెలుస్తుంది అని సర్దిచెప్పుకుంది.

శనివారం ముగ్గురూ పరుపులేసిన ట్రాలీ ఆటోలో బయల్దేరారు. సైదమ్మ రంజానుకు కట్టుకునే చీర కట్టుకుంది, తల మీద కొంగు వెయ్యి పిన్నులతో బిగించుకుంది. దారంతా పెదాలు కదులుతూనే ఉన్నాయి. సిలార్ అది చూసి దువా చదువుకుంటోంది కాబోలనుకున్నాడు. కాలేజీ ముందు ఇద్దరినీ దింపి, "పరుపులు దింపేసి ఇక్కడే ఉంటా" అని వెళ్లాడు.

మూడంతస్తుల మెట్లు సైదమ్మ రెండుసార్లు ఆగి ఎక్కింది. క్లాసులో పిల్లలంతా లేచి నిలబడ్డారు. మేడం ఎదురొచ్చి, రెండు చేతులూ జోడించి, "రండి ఖైరున్నీసా గారూ, కూర్చోండి" అంది.

సైదమ్మ కదల్లేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది. అంతలోనే ముసలామె సర్దుకుని, "ఆఁ, వస్తున్నానమ్మా" అని వెళ్లి కుర్చీలో కూర్చుంది. పేరు కూడా మార్చావుటే అన్నట్టు ఒక్క చూపు మాత్రం మనవరాలి మీద వేసింది.

"ముందు మీ మనవరాలు మీ గురించి ఏం రాసిందో మీరు వినాలి" అంది మేడం. "నాకు చేతనైన తెలుగులో చెబుతాను."

నగ్మా అది ఊహించలేదు. వద్దనబోయేలోపే మేడం కాగితాలు తీసి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులోకి మార్చి చెప్పసాగింది. ఖైరున్నీసా బేగం వేళ్ల గోరింటాకు గురించి చెప్పింది. సైదమ్మ సూదిపోట్లతో గట్టిపడిన వేళ్లను కొంగులోకి లాక్కుంది. మేడం ఏడు తరాల పాట గురించి చెప్పింది. ఆఖరి పేరాకు వచ్చింది.

"తెలుగు మా ఇంటి గడప బయటే ఉండిపోయేది. అది అంగడి మాట, బేరాల మాట. ఆ మాటలో ఎవరూ నన్ను ముద్దు చెయ్యలేదు, ఎవరూ నన్ను నిద్రపుచ్చలేదు. నన్ను పెంచిన భాష మా నానమ్మ ఒడిలో ఉంది."

మేడం కాగితాలు దించింది. ఎవరో చిన్నగా ముక్కు ఎగబీల్చారు. నగ్మా నేల వైపు తప్ప ఎటూ చూడలేకపోయింది. ఇంగ్లీషులో రాసినప్పుడు ఆ వాక్యాలు ఎంత అందంగా అనిపించాయో, తెలుగులో విన్నప్పుడు అంత సిగ్గుగా ఉన్నాయి. భూమి చీలితే బాగుండుననుకుంది. నానమ్మ లేచి వెళ్లిపోతుంది, పోవాలి కూడా అనుకుంది.

సైదమ్మ లేవలేదు. కాసేపు చేతుల వైపు చూసుకుని, "పాడమంటారా అమ్మా?" అని అడిగింది.

మేడం ఫోన్ పట్టుకుంది. సైదమ్మ వ్యాసంలో ఉన్నట్టే కళ్లు మూసుకుంది. నాలుగు వరుసలూ పాడింది. గొంతు కొంచెం వణికింది గానీ మాట ఎక్కడా తప్పలేదు. కొంగు కింద బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఒక్కో మాటనూ లెక్కపెట్టడం నగ్మాకు ఒక్కతెకే కనిపించింది. పాట అయ్యాక హారిక కూడా కళ్లు తుడుచుకుంది. ఆ వ్యాసం లేకపోతే పోవలసింది హారిక వ్యాసమే, అయినా తుడుచుకుంది.

మేడం ఫోన్ ఆపలేదు. "మీకు ఎవరు నేర్పారమ్మా ఈ పాట?"

"మా అమ్మ" అంది సైదమ్మ తడుముకోకుండా. "ఆమెకి వాళ్లమ్మ. అట్టా వచ్చింది."

"మీ అమ్మగారి పేరు? అదీ రికార్డులో ఉంటే బాగుంటుంది."

సైదమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. తన పేరు వదులుకుంది, తన తెలుగును గడప బయటికి నెడితే విని ఊరుకుంది. ఇప్పుడు అమ్మకు ఏ పేరు పెట్టాలో ఆమెకు తెలియలేదు. మెల్లగా తల తిప్పి నగ్మా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. పరీక్షలో ఆన్సరు మర్చిపోయిన పిల్ల పక్క బెంచీ వైపు చూసినట్టు చూసింది. చెప్పవే, ఏం పేరు చెప్పమంటావు అని ఆ కళ్లు అడిగాయి. తన కన్నతల్లి పేరు మనవరాలిని అడుగుతోంది.

నగ్మా నోటికి ఒక పేరు రానే వచ్చింది. అనీసా బేగం. చక్కటి పేరు, వ్యాసంలో ఇమిడిపోయే పేరు. ఒక్క మాట అంటే చాలు, మేడం పెన్ను టేబుల్ మీదే ఉంది.

"నాగూరమ్మ" అంది నగ్మా. తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. "వాళ్లమ్మ పేరు నాగూరమ్మ మేడం. ఆమెకు ఉర్దూ రాదు. మా నానమ్మకూ రాదు, మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ పాట మొన్న గురువారం నేను నేర్పించాను. నానమ్మ పేరు సైదమ్మ. నేను రాసిందంతా అబద్ధం."

మేడం ఫోన్ ఆపి, బోర్లా పెట్టింది. ఆవిడ మొహంలో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది, ఆ బాధ నగ్మా మీదా తన మీదా సగం సగం ఉన్నట్టుంది.

"నేనడిగిన రోజే చెప్పాల్సింది నగ్మా" అంది చివరికి. "నేను కూడా అలా అడగకుండా ఉండాల్సింది. కానీ ఇప్పుడు నేను సంతకం పెట్టలేను. హారికది పంపుతాను."

"తెలుసు మేడం" అంది నగ్మా.

సైదమ్మ కుర్చీలోంచి లేచింది. ఎవరితోనూ మాట్లాడకుండా గుమ్మం దాటింది. నగ్మా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. రెండో అంతస్తు మలుపులో ఆగి, ఆయాసపడుతూ మనవరాలి వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పావే?"

"నువ్వు నీ అమ్మ పేరు నన్నడిగావు నానమ్మా."

"అడిగితే? ఒక పేరు చెప్పలేకపోయావా? అంత రాసినదానివి, పేరుకి కరువొచ్చిందా?" సైదమ్మ గొంతు పెరిగింది. "చచ్చినదానికి పేరెందుకే. పాటెందుకు. బతికున్నదానికి సీటు కావాల గానీ. రెండు రోజులు నేను ఆ పాట ఎందుకు నేర్చుకున్నా? ఉర్దూ మీద మోజనుకున్నావా? నువ్వు పోతావని. ఇప్పుడు సీటూ పోయె, ఈ ముసలిదానికి ఏమీ రాదని అందరికీ తెలిసె."

నగ్మాకు ఏడుపు ముంచుకొచ్చింది. తను చేసిన మంచిపని కూడా నానమ్మకే తగులుతుందని ఆమె అనుకోలేదు. "నాకు ఆ సీటు ఇంకా కావాలి నానమ్మా" అంది ఏడుస్తూ. "ఇప్పుడు కూడా కావాలి. అయినా ఆ పేరు చెప్పలేకపోయాను."

మనవరాలు ఏడ్చినంతసేపూ సైదమ్మ అక్కడే గోడకానుకుని నిలబడింది. తర్వాత, "అంగడి మాటంటనా?" అంది, పైకి కాదు, తనలో తను అనుకున్నట్టు. నగ్మా తల దించుకుంది.

కింద సిలార్ ఖాళీ ట్రాలీకి ఆనుకుని, పక్కన ఎవరో ఆటో అతనితో మాట్లాడుతున్నాడు. కూతుర్ని చూపించి ఏదో చెప్పాడు, అతను కూడా గౌరవంగా చూశాడు. సిలార్ గబగబా ఎదురొచ్చాడు.

"ఏమైందమ్మా? సంతకం పెట్టిందా మేడం?"

"పెట్టలేదు" అంది సైదమ్మ. "హారిక అని ఇంకో పిల్లుందంట, ఆ పిల్లది పంపుతారంట. పద."

సిలార్ మొహం చిన్నబోయింది. కూతురి ఉబ్బిన కళ్లు చూసి ఏమీ రెట్టించలేదు. ముగ్గురూ ఇరుక్కుని ముందు సీట్లో కూర్చున్నారు. బండి అరండల్‌పేట దాటి, లాడ్జి సెంటర్ దాటి, ప్రత్తిపాడు రోడ్డెక్కింది. సైదమ్మ పెదాలు ఇప్పుడు కదలడం లేదు. నగ్మా కాలు మళ్లీ ఊగుతోంది.

"పోతే పోనీలేమ్మా" అన్నాడు సిలార్ చాలా దూరం పోయాక. కూతుర్ని ఊరడించడానికి ఏం మాట్లాడాలో తోచక, తనకు తోచింది అడిగాడు. "సీటు సంగతట్టా ఉంచు. మన గురించి ఏం రాశావో చెప్పమ్మా. ఊరంతా అడుగుతుంటే చెప్పలేక చస్తున్నా. నా గురించి కూడా ఉందా అందులో? మిషను గురించి రాశావా?"

సైదమ్మ రోడ్డు వైపు మొహం తిప్పుకుంది. నగ్మా అబద్ధం ఒకటి వెతుక్కుంది. దొరికింది కూడా. కానీ దాన్ని బయటికి తేలేకపోయింది.

"మన గురించి ఏమీ రాయలేదు నాన్నా" అంది.

సిలార్ సరేనన్నట్టు తల ఊపి, గేరు మార్చాడు.